చిన్న గళ్ల కాగితం

కూర్మినాయకులు మాస్టారు నాకు మొదట నేర్పింది
గుండె గురించి కాదు, గళ్ల గురించి.
"పెద్ద గళ్లు లెక్కపెట్టు.
ఒక శిఖరానికీ ఇంకో శిఖరానికీ మధ్య
ఐదుంటే అరవై, మూడుంటే వంద.
ఒకటిన్నరే ఉంటే లెక్క ఆపి డాక్టర్ని పిలు."

సోంపేట ఆసుపత్రిలో, ఫ్యాను ఆపిన గదిలో,
జెల్లీ చల్లదనానికి ఉలిక్కిపడే ఛాతీల మీద
రబ్బరు బుడగలు అంటిస్తూ నేర్చుకున్నాను.
ముందు చిన్న గుట్ట,
తర్వాత నిటారు కొండ,
చివర్న తాపీగా దిగే దిబ్బ.

జీడిపిక్కలు కొట్టే తవిటమ్మ కాగితంలో
గుట్ట లేదు. దాని చోట సన్నటి వణుకు.
కొండలు ఒకటి దగ్గర, ఒకటి దూరం,
తప్పడంలో కూడా ఓ పద్ధతి లేదు.
"మీ షెడ్డులో ఎంతమంది?" అడిగారు మాస్టారు.
"నలభై మందిమి బావూ."
"అందరి సుత్తీ ఒక్కసారే పడుతుందా?"
నవ్విందామె. "ఎవుల దెబ్బ ఆలదే."
"నీ గుండె పై గదుల్లోనూ అదే గోల."
పుస్తకంలో చదివిందాన్ని
ఆ పూట చెవులతో విన్నాను.

రైల్వే గేటు దగ్గర ముప్పయ్యేళ్లు పనిచేసిన జోగులు కాగితంలో
గుట్టకీ కొండకీ నడుమ ఎడం
కాస్త పెరిగింది, ఇంకాస్త పెరిగింది,
ఆపైన గుట్ట వచ్చి నిలబడింది,
కొండ రాలేదు.
మళ్లీ మొదట్నించీ.
నేను చెప్పబోయే లోపే తనే అన్నాడు:
"పాసింజరు లేటయ్యీ లేటయ్యీ ఓనాడు రద్దయిపోద్ది. అదేనా?"
అదే.

ఓసారి గీత తిన్నగా సాగిపోతే కెవ్వుమన్నాను.
బల్ల మీది ముసలాయన నా వంక చూసి కళ్లార్పాడు.
ఊడింది వైరు.
"ముందు మొహం చూడవే పిల్లా," అన్నారు మాస్టారు.

ఆయన రిటైరైన ఏడాది, మే నెల, రాత్రి డ్యూటీ.
కవిటి వైపు నుంచి ఆటోలో నర్తు లింగరాజు.
గురువారం డయాలసిస్ వంతు, చుట్టాల పెళ్లని మానేశాడు.
నొప్పి లేదు. కాళ్లు తేలిపోతున్నాయంటాడు, అంతే.
మొహం చూశాను. తర్వాత కాగితం.
దిబ్బలు దిబ్బల్లా లేవు.
మొదలు సన్నం, మొన సూది,
ఇసకలో వరసగా పాతిన గునపాల్లా.
గుట్టలు చదునైపోయాయి.
కొండల నడుములు వెడల్పవుతున్నాయి.
రక్తం జవాబు రావాలంటే గంట.
కాగితానికి పది సెకన్లు.

"ఏం తాగావు అన్నా?"
"ఏటీ నేదమ్మా... ఎండకి తాళనేక...
మన సెట్టుయే. రెండు బొండాలు."

తప్పు చేసిన పిల్లాడిలా చెప్పాడు.
తాత పాతిన చెట్టు.
ఊరికి ఊరు కొబ్బరి నీడలో పడుకునే ఉద్దానంలో
దాహానికి ఆ నీళ్లొద్దని
ఏ నోటితో చెప్పాలి?

డాక్టర్ సుభాషిణి కాల్షియం ఎక్కిస్తూ ఉంది, నెమ్మదిగా.
నేను మిషను ఆపలేదు.
కాగితం నేల మీద పడి చుట్టలు చుట్టుకుంటోంది.
ఎక్కడో ఒక చోట, ఏ గడిలోనో తెలీదు,
ఒక మొన మొద్దుబారింది.
తర్వాతది ఇంకాస్త.
"ఇది పొటాషియాన్ని తియ్యదు,
కాసేపు గుండెకి గొడుగు పడుతుందంతే," అందామె.
"అంబులెన్సుకి చెప్పు."

మూడు వారాల తర్వాత
డయాలసిస్‌కి పోతూ దిగాడు, చేతిలో గుడ్డసంచి.
బల్ల మీద రెండు బొండాలు పెట్టాడు.
"నాను తాగన్లే. నువ్వు తాగు తల్లీ, నాను సూస్తాను."
మూతి తనే కోసిచ్చాడు.
తాగాను.
నా గొంతు కదలడాన్ని
గడి గడీ లెక్కపెడుతున్నట్టు చూశాడు.

"తియ్యగున్నాయా?"
"చప్పగా ఉన్నాయి," అన్నాను.
నమ్మలేదు.